ఫిబ్రవరి 30

సర్వీసంతా పిల్లలకు లెక్కలు చెప్పి బతికినవాణ్ణి. లీపు సంవత్సరం సూత్రం నిద్రలో లేపి అడిగినా తడుముకోను. నాలుగుతో భాగించు, వందతో పోతే వదిలెయ్, నాలుగు వందలతో పోతే మళ్లీ పట్టుకో. జమ్మలమడుగు చుట్టుపక్కల పల్లెల్లో పిడికిలి బిగించి, కణుపు మీద ముప్పై ఒకటి, పల్లంలో ముప్పై అని నెలలు లెక్కపెట్టే వాళ్లలో చాలామంది ఆ విద్య నా దగ్గర నేర్చుకున్నవాళ్లే. అటువంటి నేను 2024 ఫిబ్రవరి 28 అర్ధరాత్రి ఏం చేశానో ప్రొద్దుటూరులో మా వీధికి తెలుసు, పులివెందులలో ఇంకో వీధికి తెలుసు. రెండు చోట్లా కథ పెరిగిపోతోంది. మొన్న ఎవరో నేను వాచీకి హారతి ఇచ్చానని కూడా చెప్పారట. హారతి ఇవ్వలేదు. మైసూరుపాకు పంచాను, అంతే. ఎవరో చెప్పేకంటే నేనే చెప్పుకోవడం మేలు.

రిటైరయ్యాక మనిషికి ఏదో ఒకటి పట్టుకుంటుంది. కొందరికి భక్తి, కొందరికి ప్లాట్ల వ్యాపారం. మా ఊళ్లో రెండోదే ఎక్కువ. నాకు గడియారాలు పట్టుకున్నాయి. ప్రొద్దుటూరులో గడియారం అంటే మా పెద్దలకు ముందు గుర్తొచ్చేది శివభారతం రాసిన గడియారం వేంకట శేషశాస్త్రి గారు. నాకు మాత్రం ఫోనులో కనిపించే స్విట్జర్లాండ్ వాచీలే లోకమైపోయాయి. కొనే తాహతు ఎటూ లేదు. చదవడం, చూడటం, దొరికినవాడికల్లా చెప్పడం. ఆ చెప్పడమే కొంప ముంచింది.

అన్నిట్లోకీ నా మతి పోగొట్టింది పర్పెచ్యువల్ క్యాలెండర్. మన చేతికుండే మామూలు తేదీ వాచీకి ముప్పై ఒకటి తప్ప వేరే నెల తెలియదు. అందుకే ఏడాదికి ఐదుసార్లు, చిన్న నెలలు దాటినప్పుడల్లా, మనమే తిప్పి దిద్దాలి. ఈ వాచీకి ఆ అవసరం రాదు. లోపల నలభై ఎనిమిది నెలలకు సరిపడా గాళ్లు కోసిన చక్రం ఒకటి ఉంటుంది. ముప్పై ఒక్క రోజుల నెలకు గాడి ఉండదు. ముప్పైకి కాస్త లోతు, ఇరవై ఎనిమిదికి బాగా లోతు, లీపు ఫిబ్రవరికి దానికంటే ఒక్క పిసరు తక్కువ. సన్నటి మీట ఒకటి ఆ గాడిలోకి ఎంత లోతు దిగితే, నెలాఖరున తేదీ అన్ని గళ్లు దూకుతుంది. నాలుగేళ్లకు ఒక చుట్టు. వందతో పోతే వదిలెయ్ అన్న ముక్క మాత్రం ఆ చక్రానికి తెలియదు. 2100లో ఫిబ్రవరి 28 దాటగానే అది 29 చూపిస్తుంది, అప్పుడు మనిషి చెయ్యి పెట్టి మార్చి 1కి తేవాల్సిందే. అంతవరకు ఆగకుండా నడిస్తే చాలు, దాని జోలికి పోనక్కర్లేదు. లెక్కల అయివారికి ఇంతకంటే అందమైన వస్తువు ఏముంటుంది చెప్పండి? ఇనుములో కోసిన భాగహారం!

లండన్‌లో థామస్ మడ్జ్ అనే ఆయన ఈ పనిని 1760లలోనే జేబు గడియారంలో చేశాడు. చేతికి కట్టుకునేంత చిన్నదిగా పాటెక్ ఫిలిప్ వాళ్లు చేసింది 1925లో, అదీ 1898లో ఆడవాళ్ల గొలుసు గడియారం కోసం చేసిపెట్టుకున్న మిషనును తీసి బిగించి. 1941 నుంచి 1518 నంబరు మోడల్ ఒకటి వరుసగా చేశారు. మొత్తం 281. దాదాపు అన్నీ బంగారమే. స్టీలువి నాలుగే బయటపడ్డాయి. వాటిలో ఒకటి 2016 నవంబరులో జెనీవా వేలంలో కోటీ పది లక్షల స్విస్ ఫ్రాంకులు పలికింది. అప్పటి లెక్కలో మన డెబ్బై అయిదు కోట్ల రూపాయలు. అదే ఏడాది జనవరిలోనే బెంగళూరు హెచ్‌ఎంటీ వాచీల కంపెనీ మూసెయ్యడానికి కేంద్రం ఒప్పుకుంది. మొదటి జీతంతో కొన్న హెచ్‌ఎంటీ నా చేతికి ఉండగానే ఆ రెండు వార్తలూ చదివాను. స్టీలు, నాలుగే, డెబ్బై అయిదు కోట్లు. ఈ మూడు మాటలు బుర్రలో ఒక మూల పడి ఉన్నాయి, పురుగు మాదిరి.

2023 చివర్లో పులివెందుల దగ్గర మా బామ్మర్ది చీనీ తోటకు పోయినాం. పక్క తోట పెద్దాయన కువైటులో చాలా ఏళ్లు డ్రైవరుగా చేసి వచ్చినవాడు. మా జిల్లా నుంచి కువైటు పోనివాళ్ల ఇల్లు వెతకాలి. ఆ రోజుల్లో తిరిగొచ్చేవాళ్లు తెచ్చేవి అందరికీ తెలిసినవే: టేప్ రికార్డరు, అత్తరు, మెత్తటి దుప్పట్లు, చేతికి ఒక ఆటోమేటిక్ వాచీ. మంచం మీద కూర్చుని నేను పర్పెచ్యువల్ పురాణం విప్పినాను. పెద్దాయన గమ్మున విని, లోపలికి పోయి, తువ్వాలలో చుట్టిన వాచీ తెచ్చి నా చేతిలో పెట్టినాడు.

"ఎన్నేండ్లయినా క్యాలెండరు తప్పదని అంగడాయన చెప్పి అమ్మినాడు అయ్యోరూ. ఇప్పుడు ఎవరు కట్టుకుంటారు, పెట్టెలో పడుండాది."

డయలు మీద పైన ఒక కిటికీలో నెలలు, వాటి ఎదురుగా ఏళ్ల అంకెలు. కింద వారాలు. పక్కన తేదీ. ఊపితే సెకన్ల ముల్లు కదిలింది. ఏడాదిని అంకెల్లో చూపించే పర్పెచ్యువల్ ఒకటి 1985లో ఐడబ్ల్యూసీ వాళ్లది వచ్చిందని, పేరు డావించి అని, చేసింది కర్ట్ క్లౌస్ అని, అన్నీ నాకు కంఠతా వచ్చు. ఏమీ తెలియనివాడైతే బాగుంది అని తిరిగిచ్చేసేవాడు. నాకు సగం తెలుసు గదా, గొంతు ఎండిపోయింది.

ఇక్కడ ఒక మాట దాచకూడదు. ఆయన నన్ను మోసం చెయ్యలేదు. మోసం చెయ్యబోయింది నేను. మొహంలో ఏమీ కనిపించకుండా, "పాత వస్తువుల మీద నాకు ఇష్టంలే పెద్దాయనా, జ్ఞాపకంగా ఉంచుకుంటా" అని ఇరవై వేలు బేరం పెట్టినాను. కోట్ల వస్తువుకు ఇరవై వేలు! అయినా ఊరికే తీసుకోవడం లేదు గదా అని లోపల సమాధానం చెప్పుకున్నాను. పెద్దాయన కళ్లు పెద్దవి చేసి, "ఇరవై వేలా, దీనికా?" అన్నాడు. ఆ ప్రశ్నలోనే అంతా ఉంది. నాకు మాత్రం పాపం అమాయకుడు అనిపించింది. ముద్దనూరు మీదుగా బస్సులో వస్తూ జేబు మీద పెట్టిన చెయ్యి తియ్యలేదు.

ప్రొద్దుటూరులో ఏ వస్తువైనా ముందు బంగారమా కాదా అని చూస్తారు. ఊరికి రెండో బొంబాయి అని పేరు ఊరికే రాలేదు. నాకు తెలిసిన ఒక నగల అంగడాయన దాన్ని అటూ ఇటూ తిప్పి, వెనక మూత అంచును గీటురాయి మీద గీసి చూసి, తిరిగి నా చేతిలో పెట్టినాడు.

"పూత గూడా లేదు సార్. ఉత్త స్టీలు."

నాకు పిచ్చి ముదిరింది ఆ క్షణంలోనే. స్టీలు! ఇంకెవరైనా అయితే ఉసూరుమని ఇంటికి పోయేవాళ్లు. నేను ఆయన చెయ్యి పట్టుకుని, "ఈ సంగతి ఎవరితోనూ అనొద్దు" అన్నాను. ఆయన నన్ను జాలిగా చూసి సరేనన్నాడు.

అక్కడి నుంచి ప్రతి చెడ్డ సాక్ష్యమూ నాకు మంచిదైపోయింది. డయలు అంచులు గోధుమరంగుకు తిరిగి మచ్చలు పడి ఉన్నాయి. ఎండకు రంగు మారిన డయలును సేకర్తలు ట్రాపికల్ అని పిలిచి ఎక్కువ డబ్బు పెడతారు. పులివెందుల ఎండను మించిన ట్రాపికల్ ఎండ భూమ్మీద ఎక్కడుంది? పేరు ఉండాల్సిన చోట అక్షరాలు అలుక్కుపోయి చదవను రాలేదు. చేత్తో రాసి ఉంటారు, పాతకాలం పనితనం. ఏళ్ల అంకెలు 1990లలోనే అయిపోయాయి, 2024 అన్నది ఎంత వెతికినా లేదు. దాన్ని చూసీ చూడనట్టు వదిలేశాను. శాశ్వత క్యాలెండరుకు గడువు తేదీ ఏమిట్రా అని ఆరో తరగతి పిల్లవాడైనా అడిగి ఉండేవాడు.

మా ఆవిడ అడిగింది కూడా, వేరే రకంగా. "అమావాస్య చూపిస్తాదా అది?"

"అసలుదాంట్లో చంద్రుడు ఉంటాడు" అన్నాను.

"దీంట్లో యాడుండాడు మరి?"

ఇది వేరే రకం అన్నాను. అధిక మాసం వస్తే ఏం చేస్తుంది అని అడిగింది. ఇంగ్లీషు నెలలకు అధిక మాసం ఉండదే అన్నాను. "అయితే ఆ గోడ మీది క్యాలెండరు తియ్యొద్దు" అని వంటింట్లోకి పోయింది. ఇందులో హాస్యం నాకు అప్పట్లో అందలేదు. తిథులకు అందని వాచీ మన ఆడవాళ్లకు సగం వాచీయే. ముస్లింల హిజ్రీ నెలలకు పార్మిజానీ అనే స్విస్ కంపెనీ ఏకంగా పర్పెచ్యువల్ వాచీ చేసి 2020లో జెనీవాలో బహుమతి కొట్టిందని చెప్పబోయాను. వినేవాళ్లు లేరు.

ఇంట్లో పెట్టుకోవడానికి భయం వేసి బ్యాంకు లాకరు తీసుకున్నాను. తీసుకున్నాక గుర్తొచ్చింది, ఆటోమేటిక్ వాచీ చేతికి లేకపోతే రెండు రోజులు కూడా నడవదు. ఆగితే తేదీ ఆగుతుంది. ధనవంతులు దానికోసం తిప్పే పెట్టెలు పెట్టుకుంటారు. నేను తిప్పడానికే పోయేవాణ్ణి. లాకరు గదిలో నిలబడి, వాచీ చేతికి కట్టుకుని, చెయ్యి ముందుకీ వెనక్కీ ఊపుతూ ఉండేవాణ్ణి. తలుపు దగ్గరి మనిషి ఒకరోజు లోపలికి తొంగి చూసి, "భుజం నొప్పా సార్?" అన్నాడు. అవునన్నాను. పాపం, వాళ్లమ్మకు తగ్గిన ఆయుర్వేద తైలం పేరు ఒకటి కాగితం మీద రాసిచ్చినాడు.

రహస్యం నా నోట్లో ఎన్నాళ్లు ఆగుతుంది? ఎచ్చులు నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. ఒకరికి చెప్పి ఎవరికీ చెప్పొద్దన్నాను. ఆ ఒక్కరు ఇంకొకరికి. సంక్రాంతి దాటేసరికి పెద్దాయన కొడుకులిద్దరూ పులివెందుల నుంచి మోటార్ సైకిల్ మీద వచ్చి మా అరుగు మీద కూర్చున్నారు.

"మా నాయన వాచీ డెబ్బై కోట్లంట గదా అయ్యోరూ?"

"ఎవరు చెప్పినారు?"

"ఎవరు చెప్పలేదు అని అడగండి" అన్నాడు పెద్దోడు.

కొన్నాను, డబ్బిచ్చాను, బేరం అయిపోయింది అన్నాను. అప్పుడు చిన్నోడు గొంతు పెంచకుండానే ఒక మాట అన్నాడు: "మా నాయన తెలీక ఇచ్చినాడు. మీరు తెలిసి తీసుకున్నారు. అయివారు చేసే పనేనా ఇది?"

దానికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. మాట మార్చడానికి ఒక పరీక్ష పెట్టినాను. ఇది అసలుదో కాదో ఫిబ్రవరి తేలుస్తుంది, ఈసారి లీపు సంవత్సరం, మామూలు వాచీలు తడబడే చోట ఇది నిలబడితే అప్పుడు వాటా మాట్లాడుకుందాం అన్నాను. వాళ్లు సరేనని, వాకిట్లో ఉన్న జామకాయలు నాలుగు కోసుకుని పోయినారు.

28వ తేదీ రాత్రికి వాచీని ముందే ఇంటికి తెచ్చి సరిచేసి పెట్టినాను. పులివెందుల అన్నదమ్ములు వచ్చినారు. నగల అంగడాయన వచ్చినాడు, వేడుక చూడ్డానికి. పక్కింటివాళ్లు, మా కూతురు, ఎనిమిదో తరగతి చదివే మనవడు. వాచీని స్టీలు పళ్లెంలో పసుపు గుడ్డ మీద పెట్టినాం. హారతి పుకారు ఆ పళ్లెం నుంచే పుట్టి ఉంటుంది. పన్నెండు దగ్గర పడేకొద్దీ 28 మెల్లగా కిందికి జారడం మొదలైంది. నేను లేచి నిలబడి ఉపన్యాసం ఇస్తున్నాను: క్రీస్తుశకం 1582, పోపు గ్రెగరీ, అక్టోబరు 4 తర్వాత నేరుగా 15, అంతా. పన్నెండు దాటింది. కిటికీలో 29 కుదురుగా నిలబడింది.

నేను చప్పట్లు కొట్టినాను. కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి, ఎందుకు దాచాలి. మైసూరుపాకు డబ్బా తిరిగింది. పెద్దోడు తన తమ్ముణ్ణి కావలించుకున్నాడు. మనవడు మాత్రం తన ఎడమ చెయ్యి లేపి చూపించినాడు. వాళ్ల నాన్న వదిలేసిన పాత తేదీ వాచీ దానికి.

"తాతా, నాదాంట్లో గూడా 29 వచ్చింది."

"అది మామూలు వాచీ నాయనా. దానికి తెలిసి కాదు, ఇరవై ఎనిమిది తర్వాత ఇరవై తొమ్మిది రావల్ల కాబట్టి వచ్చింది."

"మరి నీదానికి తెలిసే వచ్చిందని ఎట్ల చెప్తావు?"

మైసూరుపాకు నా నోట్లోనే ఉంది. ఇరవై ఎనిమిది తర్వాత ఇరవై తొమ్మిది! ఒకటో తరగతి అంకెలు! లీపు సంవత్సరంలో ఆ రాత్రి దేశంలో నడుస్తున్న ప్రతి తేదీ వాచీ, అంగట్లో దొరికే అతి చవకదైనా సరే, సరిగ్గా అదే చేసింది. పరీక్ష ఆ రాత్రి కాదు, మరుసటి రాత్రి. 29 తర్వాత ఏం వస్తుందన్నదే ప్రశ్న. సర్వీసంతా పిల్లలకు ప్రశ్న సరిగా చదవండ్రా అని మొట్టికాయలు వేసినవాణ్ణి, ప్రశ్నే తప్పుగా రాసుకుని పదిమందిని పిలిచి స్వీటు పంచినాను.

పెద్దోడు నెమ్మదిగా అడిగినాడు. "రేపు గూడా రావల్నా అయ్యోరూ?"

వచ్చినారు. ఆ రాత్రి మైసూరుపాకు లేదు. పన్నెండు దాటాక కిటికీలో నిండుగా 30 నిలబడింది. ఎవరూ మాట్లాడలేదు. చిన్నోడే వంగి చూసి, "క్యాలెండరు తప్పదని మా నాయన చెప్పింది నిజమే. ఫిబ్రవరిని గూడా ముప్పై దాంకా లాక్కపోతాంది" అన్నాడు. నగల అంగడాయన నవ్వు ఆపుకోలేక వాకిట్లోకి పోయినాడు.

జమ్మలమడుగులో నేను పనిచేసిన రోజుల నుంచీ నా హెచ్‌ఎంటీకి వైద్యం చేసే సాయిబన్న దగ్గరికి అప్పుడు పోయినాను. ముందే పోవచ్చు గదా అంటే, పోతే ఆయన నిజం చెబుతాడని భయం. కంటికి భూతద్దం తగిలించుకుని వెనక మూత విప్పి, ఆయన ఎక్కువసేపు కూడా చూడలేదు.

"జపాన్ మిషను సార్, మంచి మిషనే. ముల్లులు వేరే వాచీవి. డయలు బొంబాయిలో రంగేసింది. ఆ పెద్దాయన వస్తా వస్తా అక్కడ బాగు చేయించి ఉంటాడు."

"మరి క్యాలెండరు?"

ఆయన రెండో బిరడా తిప్పి చూపించినాడు. ఏళ్ల చక్రం కదిలింది. కావలసిన ఏడాదిని కావలసిన నెల ఎదురుగా తెచ్చి నిలిపితే, కింద తేదీల వరుస మీద ఆ నెలకు తగ్గట్టు వారాలు వచ్చి కూర్చున్నాయి. అంతే. గోడ క్యాలెండరును గుండ్రంగా కత్తిరించి అద్దం కింద అతికించినట్టు. మిషనుకు, ఆ పట్టికకు సంబంధమే లేదు. నెల మారినప్పుడల్లా మనిషే తిప్పాలి. జపాన్‌లో ఓరియంట్ కంపెనీ ఇటువంటివి 1960లలోనే మొదలుపెట్టింది, గల్ఫులో బాగా అమ్ముడుపోయినాయని సాయిబన్న చెప్పినాడు. ఆయన దానికి కట్టిన ధర ఇక్కడ రాయను. నాకు కొంచెమైనా పరువు మిగలాలి.

"ఏండ్లు అయిపోయినాయి గదా సార్, ఇంక ఈ క్యాలెండరు పనికిరాదు" అన్నాడు.

అప్పుడు లోపలి లెక్కల అయివారు చాలా నెలల తర్వాత కళ్లు తెరిచినాడు. పనికొస్తుంది సాయిబన్నా, 1996 పెట్టు అన్నాను. నాలుగేళ్లకు 1461 రోజులు. దాన్ని ఏడుతో గుణిస్తే 28 ఏళ్ల రోజులు వస్తాయి, ఏడు చొప్పున శేషం లేకుండా పోతాయి. అందుకని 28 ఏళ్లకొకసారి వారాలూ తేదీలూ, లీపుతో సహా, మళ్లీ అదే వరుసలో వస్తాయి. 2100 అడ్డుపడేదాకా ఈ లెక్కకు తిరుగులేదు. 1996ను మార్చి ఎదురుగా తెచ్చి చూస్తే ఒకటో తేదీ శుక్రవారం. గోడ మీది క్యాలెండరులోనూ శుక్రవారమే. సాయిబన్న సంబరపడి, అంగట్లో కుర్రాణ్ణి పిలిచి మళ్లీ చేయించుకుని చూసినాడు. ఆ వాచీతో నేను సరిగ్గా చేసిన పని అదొక్కటే.

తర్వాత పులివెందులకు పోయి, తువ్వాలలోనే చుట్టి వాచీని పెద్దాయన ముందు పెట్టినాను. డబ్బు అడగడానికి కాదు, వస్తువు తిరిగివ్వడానికి, చిన్నోడు అడిగిన మాటకు అదైనా జవాబు అవుతుందేమో అని. ఆయన ముట్టుకోలేదు. ఇరవై వేలు బోరు మోటరుకు పెట్టినామని, వస్తువు వెనక్కి తీసుకుంటే డబ్బు వెనక్కి ఇవ్వాల్సి వస్తుందని సూటిగానే చెప్పినాడు. కోడలు మజ్జిగ తెచ్చింది. కొడుకులిద్దరూ స్తంభానికి ఆనుకుని నన్నే చూస్తున్నారు.

"నాకు ఆ పొద్దే అనుమానమొచ్చింది అయ్యోరూ" అన్నాడు పెద్దాయన. "దీనికి ఇరవై వేలు ఇస్తాండాడంటే ఈయనకేదో తిక్క ఉండాదని. మావోళ్లే, చదువుకున్నాయప్ప గదా నాయనా, ఊరికే ఇస్తాడా అన్నారు."